చివర చదివే గడియారం

జుల్మా కల్లవార్ట్ కోపిష్టిదని మా ఊళ్లో అందరూ అంటారు. ఎందుకంత కోపమని మాత్రం ఎవరూ అడగరు. మగవాడు బల్ల గుద్దితే దానికేదో కారణం ఉంటుంది. ఆడది బల్ల గుద్దితే అది ఆమె పుట్టుక. బెల్జియంలోని ఈ లెయ్ నది ఒడ్డున మాకు ఈ జ్ఞానం బాప్టిజం నీళ్లతోనే పడుతుంది. అందుకే ఆ వేసవిలో నీలి రెక్క పావురాల సంఘంలో జరిగినదాన్ని ఇప్పటికీ "జుల్మా గొడవ" అనే చెప్పుకుంటారు. అది జుల్మా గొడవ కాదు. ఒక పాత కంప్యూటర్ గొడవ. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ కంప్యూటర్‌ని దేవుడి పక్కన కూర్చోబెట్టిన పెద్దమనుషుల గొడవ.

ఆమె పుట్టేనాటికి నదిలో ఇంకా నార కోసం అవిసె కట్టలు నానేసేవారు. ఆ కంపులో నడక నేర్చుకుంది. పద్నాలుగేళ్లకే బ్రష్షుల ఫ్యాక్టరీలో చేరి, పంది వెంట్రుకల కుచ్చుల్ని చెక్కలోకి దిగ్గొట్టే యంత్రం ముందు ఓ జీవితకాలం నిలబడింది. ఆ యంత్రం ఆమె ఎడమ చూపుడువేలి కొస తినేసింది. "దానికి ఆకలేసింది, తింది. దాని మీద నాకేం కోపం లేదు" అనేది. కోపమంతా ఫోర్‌మన్ మీద. దానికో మూత బిగించండి మహాప్రభో అని ఏడాది పాటు మొత్తుకున్నా అతను బిగించలేదు. వేలు పోయిన మర్నాడు బిగించాడు. జుల్మాకి లోకం అర్థమైంది ఆ మూత దగ్గరే అని నా అనుమానం.

పెళ్లి చేసుకున్నది గాస్టన్‌ని. గాస్టన్‌కి పావురాలంటే ప్రాణమని సంఘంలో చెప్పుకునేవారు. నిజమే, ప్రాణమే. అందుకే వాటి గురించి కఫేలో గంటలకొద్దీ మాట్లాడేవాడు. తెల్లారకముందే లేచి రెట్టలు గోకడం, బఠాణీలు, మొక్కజొన్న కలిపి పెట్టడం, ఏ ఆడదాన్ని ఏ మగదానితో ఎప్పుడు జతకట్టాలో చూడడం, జబ్బు చేసినదాన్ని చొక్కాలో పెట్టుకుని పడుకోవడం, ఇవన్నీ ప్రాణం కిందికి రావు కనక జుల్మా చేసేది. బహుమతి వస్తే గాస్టన్ వెళ్లి తీసుకునేవాడు. సంఘంలో పేరు అతనిదే. ఆ రోజుల్లో ఆడవాళ్లని చేర్చుకోకూడదన్న నియమం ఎక్కడా లేదు. నియమం అక్కర్లేనంత గట్టిగా ఉండేది ఆ అలవాటు.

గాస్టన్ పోయాక ఆమె సభ్యత్వం అడిగింది. ఇచ్చారు. సంతాపం, స్వాగతం ఒకే వాక్యంలో కలిపి అధ్యక్షుడు అషీల్ దె మీస్టర్ ఉపన్యాసమిచ్చాడు. తర్వాత ఆమెని వరసలో చిట్టచివర నిలబెట్టాడు. మా సంఘంలో ఏ పనికైనా వరస సభ్యత్వపు పాతదనాన్ని బట్టే. ఎవరు ముందు చేరితే వాళ్లు ముందు. అషీల్ వాళ్ల నాన్న పెట్టిన పద్ధతి అది. ఆయనే సంఘ స్థాపకుడు, ఎప్పుడో పోయాడు. పావురాలతో పాతికేళ్ల పైన బతికిన జుల్మా ఆ లెక్కన నిన్నగాక మొన్న వచ్చిన మనిషి. నిన్నటి దాకా పెరట్లో సోంబేరి పిచ్చుక కూడా లేని కసాయి కొట్టు కుర్రాడు ఆమెకన్నా ముందు.

అప్పటికి తాళం పెట్టిన పాత గడియారాలు పోయి కొత్తవి వచ్చాయి. పావురం కాలికి చిప్పున్న ఉంగరం. అది గూటి గుమ్మంలోని పలక మీద కాలుపెట్టగానే పెరట్లోని గడియారం ఆ వేళ రాసుకుంటుంది. శనివారం పందెం అయ్యాక ఎవరి గడియారం వాళ్లు చంకలో పెట్టుకుని మార్సెల్లా కఫేకి రావాలి. వెనకగదిలో సంఘం కంప్యూటర్ ఉంటుంది. కార్యదర్శి ఒమేర్ కేబుల్ తగిలించి ఒక్కో గడియారాన్నీ దాంట్లోకి చదివిస్తాడు. చదవడం అవగానే గడియారంలో ఉన్నదంతా చెరిగిపోతుంది. మళ్లీ ఎవరూ దాంట్లో వేలు పెట్టకుండా అన్నమాట. మోసాన్ని ఆపడానికి సాక్ష్యాన్ని తగలబెట్టడం మా కమిటీ తెలివి.

ఆ కంప్యూటర్ ఒమేర్ పనిచేసిన ఆఫీసు పారేస్తే తెచ్చినది. పాతదే, కానీ ఒమేర్ దాన్ని పెళ్లికూతుర్ని చేసినట్టు చేశాడు. మౌస్ పెట్టాడు, సంఘాలన్నిటికీ పైనున్న యూనియన్‌కి ఫోను తీగ మీద ఫలితాలు పంపడానికి లోపల మోడెం బిగించాడు. అషీల్ కోరిక మీద సౌండ్ కార్డు కూడా పెట్టాడు. ఏడాది చివర బహుమతుల సభలో అషీల్ తండ్రి పాత ఉపన్యాసం ఒకటి దాంట్లోంచి వినిపించాలి. అందులో ఆయన గరగర గొంతుతో "పావురం అబద్ధమాడదు" అంటాడు. అది వినగానే మగాళ్లంతా గ్లాసులు కింద పెట్టి కళ్లు తుడుచుకోవాలి. అది మా మతం.

గొడవ బూర్జ్ పందెంతో మొదలైంది. పావురాల్ని లారీలో ఫ్రాన్స్‌లోని బూర్జ్ దాకా తీసుకెళ్లి వదుల్తారు, ఇంటికి ఎగిరి రావడమే పందెం. ఆ రోజు జుల్మాకి చెందిన నీలి ఆడపావురం, నాలుగేళ్లది, మంచి వేళకి ఇల్లు చేరింది. కఫేలో ఒమేర్ కాగితం చింపి ఇస్తే అందులో ఆ పావురమే లేదు.

"ఒమేర్, నీలిది ఏదీ?"

"గడియారం ఇచ్చిందే అచ్చయింది, జుల్మా. లేదంటే రాలేదన్నమాట."

"రాలేదా? ఇప్పుడు నా గూట్లో కూర్చుని తింటోంది!"

"దార్లో ఎవణ్నో చూసి మనసు పడుంటుంది. ఆడదేగా," అన్నాడు బల్ల దగ్గరి నుంచి కసాయి కుర్రాడు. నవ్వారు. జుల్మా నవ్వలేదు. నవ్వనందుకు మళ్లీ నవ్వారు.

ఆ తర్వాతి పందెం కూడా బూర్జ్ నుంచే. ఈసారి పావురం కాగితంలోకి వచ్చింది. ఒమేర్ అది చూసి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. తర్వాత లేచి వెళ్లి అషీల్ చెవిలో ఏదో చెప్పాడు. అషీల్ గ్లాసు పక్కనపెట్టి, కాగితం పట్టుకుని, కఫే మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు.

"జుల్మా, పావురాల్ని బూర్జ్‌లో ఎన్నింటికి వదిలారు?"

"ఏడింటికి. ఎందుకు?"

"నీ పావురం మూడూ ఏడుకి ఇంటికొచ్చిందట. తెల్లవారుజామున."

కఫే ఒక్క క్షణం ఆ లెక్క వేసుకుంది. తర్వాత పగలబడింది.

"అది పావురం కాదు, దేవదూత!"

"రైలెక్కి వచ్చుంటుంది."

"రైలెక్కితే ఇంకా వచ్చుండేది కాదు!"

జుల్మా కాగితం లాక్కుని చూసింది. "ఒంటిగంట దాటి ఏడు నిమిషాలు. పదమూడూ ఏడు. అదీ అసలు టైము. ముందున్న ఒకటి ఎగిరిపోయింది, అంతే. నీ డబ్బా మింగేసింది దాన్ని. పక్కింటి పోస్ట్‌మన్ నాతోపాటు నిలబడి చూశాడు పావురం దిగడం."

"పోస్ట్‌మన్ సంఘ సభ్యుడు కాడు," అన్నాడు అషీల్.

"కళ్లకి కూడా సభ్యత్వం కావాలా?"

"అరిస్తే లాభం లేదు. యంత్రం అబద్ధమాడదు, జుల్మా. దానికి నువ్వెవరో నేనెవరో తెలీదు. నిజాయితీగా ఉన్నవాళ్లకి అది నిజమే చెబుతుంది. ఇక్కడ ఇంతమంది గడియారాలు చదివింది. ఒక్క నీదే ఎందుకు తిరకాసు?"

ఆ ఒక్క ప్రశ్నకి అతను నిజంగా జవాబు వెతికుంటే ఈ కథ అక్కడే అయిపోయేది. కానీ అతను దాన్ని ప్రశ్నగా అడగలేదు, తీర్పుగా అడిగాడు. యంత్రానికి మనుషులెవరో తెలీదు, ఒప్పుకుందాం. ఎవరి గడియారం ఎప్పుడు దానికి తగిలించాలో చెప్పేవాళ్లకి తెలుసు కదా?

కమిటీ కూర్చుంది. జుల్మా గడియారాన్ని తారుమారు చేసిందన్న అనుమానం మీద విచారణ అన్నారు. రుజువైతే ఆ ఏడాదికి సస్పెన్షన్. ఆ ఏడాదికి అంటే బార్సిలోనా లేనట్టే. మాలాంటివాళ్లకి బార్సిలోనా ఒక పందెం కాదు, ఒక బతుకు. పర్వతాలు దాటి వెయ్యి కిలోమీటర్లు ఎగరాలి. అంత దూరం పంపదగ్గ పావురం ఒక మనిషికి జీవితంలో ఒకటో రెండో దక్కుతాయి. జుల్మా ఆ నీలిదాన్ని మూడేళ్లుగా దానికోసమే పెంచింది. శీతాకాలంలోనే లెక్కవేసుకుని, సరిగ్గా ఆ వేళకి జతకట్టించింది. బార్సిలోనా బుట్టలో వేసే రోజుకి దాని గూట్లో ఇంకా కళ్లు సరిగ్గా తెరవని పిల్ల ఒకటి ఉండాలి. అలాంటప్పుడు తల్లి ఇంటికొచ్చే తీరు వేరు. ఆ లెక్క ఒక్క వారం కూడా వాయిదా పడదు. వచ్చే ఏడాదికి పావురం ముసలిదవుతుంది. ఇప్పుడు లేకపోతే ఎప్పుడూ లేదు.

"నా మీద దొంగతనం మోపినా పడతాను," అంది నాతో, రెట్టల పార నేలకేసి కొడుతూ. "దొంగ వెధవ గాస్టన్‌గాడి పెళ్లాన్ని, నాకు అలవాటే. కానీ దానికి రావాల్సిన గాలిని వీళ్లెవరు ఆపడానికి?"

తర్వాతి శనివారం జుల్మా బార్ దగ్గర కూర్చోలేదు. వెనకగది గుమ్మంలో నిలబడింది. ఒమేర్ ఒక్కో గడియారం చదివిస్తున్నాడు. గది నిశ్శబ్దంగా ఉంది. ప్రింటర్ గీకుడు తప్ప చప్పుడు లేదు. కసాయి కుర్రాడిది అయింది. ఒమేర్ జుల్మా గడియారానికి కేబుల్ తగిలించి, ఇంకేదో నొక్కాడు. అంతే, డబ్బాలోంచి పంది పీక కోస్తున్నట్టు కేక.

"అదేంటా అరుపు?"

"మోడెం. ఫలితాలు యూనియన్‌కి పంపుతున్నా."

"నాది ఇంకా చదవలేదుగా?"

"మిగిలింది నీదొక్కటేగా," అన్నాడు ఒమేర్, చాలా సహజంగా. "నీది సోమవారం ఫోన్లో చెప్తాలే. ఇంటి దగ్గర మా ఆవిడ కుందేలు వండింది. అది చల్లారితే నన్ను వండుతుంది."

"మిగతావాళ్లవి చదివేటప్పుడు ఇది అరుస్తుందా?"

"లేదు."

"నాది చదివేటప్పుడు ప్రతిసారీ అరుస్తుందా?"

ఒమేర్ ఆలోచించాడు. చెడ్డవాడు కాదు, తొందరున్నవాడు. మా ఊళ్లో చాలా అన్యాయాలు చెడ్డవాళ్లు చెయ్యలేదు, భోజనానికి తొందరున్నవాళ్లు చేశారు. "ప్రతిసారీ అంటే... అవును. అయితే ఏంటి? ఈ డబ్బా ఒకేసారి రెండు పనులు చేస్తుంది. అందుకే కదా తెచ్చాం!"

ఆ రోజు కాగితంలో జుల్మా పావురాలు రెండింటికి కలిపి ఒకే కాలి ఉంగరం నంబరు అచ్చయింది.

"దాని నోరు మూయించి నాది చదువు ఒమేర్, ఒక్కసారి. లేకపోతే నాది ముందు చదువు."

"ముందా?" ఒమేర్ నిజంగా భయపడ్డాడు. "వరస తప్పమంటావా? అషీల్ నా తోలు తీస్తాడు."

జుల్మా బ్రష్షుల ఫ్యాక్టరీలో ఒక్కటే నేర్చుకుంది: యంత్రం చెడినప్పుడు దాన్ని తిట్టకు, అదే సమయంలో పక్కన ఇంకేం నడుస్తోందో చూడు. అంతకుమించి కంప్యూటర్ గురించి ఆమెకి ఓనమాలు రావు, వచ్చని ఎప్పుడూ అనలేదు. అందుకని కోర్త్రేక్ పట్నంలో టెక్నికల్ స్కూల్లో ఇదే పాఠం చెప్పే రోలాండ్ మాస్టారి ఇంటి తలుపు కొట్టింది. ఆయన వచ్చాడు. కఫే నడిపే మార్సెల్లా ఎవర్నీ అడక్కుండా వెనకగది తాళం తీసింది. ఒమేర్‌ని అతని ఇంటి నుంచి జుల్మాయే లాక్కొచ్చింది.

మాస్టారు మొదట తెరమీద ఏదో తెరిచి చూశాడు. "ఈ పసుపు గుర్తు ఎన్నాళ్లుగా ఉంది?"

"మోడెం పెట్టినప్పట్నుంచీ," అన్నాడు ఒమేర్. "పని చేస్తోంది కదా అని పట్టించుకోలేదు."

"పక్కన ఆశ్చర్యార్థకం పెట్టి మరీ చెప్తోంది కదయ్యా!"

"మర్యాదగా చెప్పుంటే వినేవాణ్ని."

మాస్టారు స్క్రూలు తీసి మూత ఎత్తాడు. లోపల దుమ్ము, దుమ్ములో పావురాల నూగు. ఆయన చిన్న బ్యాటరీ లైటు పట్టుకుని, జుల్మాకి చూపిస్తూ విడమరిచాడు. ఈ పెట్టెలో పనిచేసే మెదడు ఒక్కటే. తక్కినవన్నీ దాన్ని పిలవాలి. ఒక్కోదానికి ఒక్కో గంట తాడు. తాడు లాగితే మెదడు వచ్చి, అది తెచ్చిన అక్షరం తీసుకుని పోతుంది. ఆలస్యమైతే ఆ అక్షరం పడిపోతుంది, దాని వెనకది వచ్చేస్తుంది. తాళ్లు కొన్నే ఉన్నాయి. మౌస్‌కి ఒకటి. గడియారం కేబుల్‌కి ఒకటి. మోడెం బిగించినప్పుడు దాన్ని కూడా గడియారం తాడుకే కట్టారు. "రెండూ ఒకేసారి లాగితే మెదడు మోడెం దగ్గరికి పోతుంది. గడియారం తాడు లాగుతూనే ఉంటుంది, పలికేవాడుండడు."

"అంటే నా ఒకటి అక్కడ పడిపోయింది."

"పడే అవకాశం ఉంది."

"అవకాశమేంటి మాస్టారూ, పడింది! మార్చండి దాన్ని."

మోడెం కార్డు మీద గోరంత టోపీ ఒకటి ఉంది. దాన్ని పీకి పక్క పుల్లలకి తొడిగితే తాడు మారుతుంది. ఆ కార్డు ఒప్పుకునేవి మూడే. గడియారానిది, మౌస్‌ది, ఇంకోటి. మాస్టారు ఆ మూడోదానికి మార్చాడు. మోడెం అరుస్తుండగా జుల్మా గడియారం చదివారు. ఆమె అంతకుముందే ఇంట్లో పావురాల్ని పలక మీద నడిపించి తెచ్చింది. ఒక్క అంకె పోలేదు. ఒమేర్ తలగోక్కున్నాడు. జుల్మా ఆయన గుండ్రటి తలని రెండు చేతులా పట్టుకుని ముద్దుపెట్టుకుంది. మాస్టారి తల, ఒమేర్‌ది కాదు.

అప్పుడే అషీల్ వచ్చాడు. ఎవరు చెప్పారో! మా ఊళ్లో గోడలకి చెవులు లేవు, నేరుగా టెలిఫోన్లే ఉన్నాయి. మూత తీసిన పెట్టెని చూసి మొహం ఎర్రబడింది. అతను మోడెం గురించి అడగలేదు, గడియారం గురించి అడగలేదు. మౌస్ పట్టుకుని తండ్రి ఉపన్యాసం మీద నొక్కాడు. గొంతు రాలేదు. తెర బిగుసుకుపోయింది.

"ఏం చేశారు మా నాన్నని?"

ఆ మూడో తాడు సౌండ్ కార్డుది. అది ఆ తాడు తప్ప ఇంకోటి పట్టుకోని మొండి పాత కార్డు. మాస్టారు ఓపిగ్గా చెప్పాడు. సౌండ్ కార్డు తీసేస్తే అన్నీ సవ్యంగా నడుస్తాయి. లేదా గడియారాలన్నీ చదవడం అయ్యేదాకా మోడెం ముట్టుకోకండి. లేదా, ఆయన కొంచెం దగ్గి, అందరికన్నా చివర ఎవరూ లేకుండా చూసుకోండి.

"సౌండ్ కార్డు తీసేదే లేదు. ఫలితాలు ఆలస్యం చేసేదీ లేదు. వరస మార్చేది అసలే లేదు," అన్నాడు అషీల్. "అది మా నాన్న గొంతు. ఈ సంఘానికి మిగిలింది అదొక్కటే."

"మీ నాన్న ఏమన్నాడు దాంట్లో?" అంది జుల్మా. "పావురం అబద్ధమాడదన్నాడు. ఆ మాట వినిపించే ముక్క కోసం నా పావురాన్ని అబద్ధాలకోరు చేస్తావా? మీ నాన్న బతికుంటే చెప్పు తీసుకునేవాడు."

"చచ్చినవాళ్ల గురించి మాట్లాడకు."

"చచ్చినవాళ్ల గురించి మాట్లాడుతోంది నువ్వు! నేను బతికున్నదాని గురించి మాట్లాడుతున్నా. అది గూట్లో గుడ్డు పొదుగుతోంది."

అషీల్ ఎదురుగా నిలబడి మాస్టారి చేత ఆ టోపీ మళ్లీ పాత పుల్లలకే తొడిగించాడు. పోతూ పోతూ ఇంకోమాట అన్నాడు. కమిటీ అనుమతి లేకుండా సంఘం ఆస్తిని విప్పించిందని జుల్మా మీద రెండో అభియోగం. తప్పు పట్టుకున్నందుకు శిక్ష వెయ్యడం పెద్దమనుషుల హక్కుల్లో అతి పాతది.

విచారణ మరుసటి శనివారం, పందెం అయ్యాక, కఫేలోనే. బార్సిలోనా పావురాల్ని బుట్టల్లో వేసేది దాని వెనకే సోమవారం. కమిటీ బల్ల వెనక కూర్చుంది, మిగతావాళ్లం గ్లాసులతో చుట్టూ చేరాం. అందరి గడియారాలూ బల్ల మీదే ఉన్నాయి, ఇంకా చదవలేదు. అషీల్ సంఘ గౌరవం గురించి మాట్లాడాడు. ఐకమత్యం గురించి మాట్లాడాడు. స్థాపకుల గురించి మాట్లాడాడు. ఎవరైనా ఈ మూడూ ఒకే ఊపులో మాట్లాడితే పక్కనున్నవాడి గొంతు కోయడానికి సిద్ధపడుతున్నారని అర్థం.

రోలాండ్ మాస్టారిని సాక్ష్యం అడిగారు. పాపం, చదువుకున్నవాడు. "సాంకేతికంగా చూస్తే, ఆ రోజుల్లో అలా జరిగే అవకాశాన్ని కొట్టిపారెయ్యలేం. అలాగని సరిగ్గా ఆ నిమిషంలో అదే జరిగిందని ఇప్పుడు..."

"మాస్టారూ," అంది జుల్మా, "బయట వానొస్తోందా లేదా? ఒక్క ముక్కలో చెప్పండి."

"జుల్మా, నీ వంతు రాలేదు," అన్నాడు అషీల్.

"నా వంతు ఎప్పుడొచ్చింది గనక? చివరేగా!" లేచి నిలబడింది. మనిషి పొట్టి, కానీ ఆ రోజు కఫే పైకప్పు తగులుతుందేమో అనిపించింది. "యంత్రానికి నువ్వెవరో నేనెవరో తెలీదన్నావు. నిజాయితీ ఉన్నవాళ్లకి నిజమే చెబుతుందన్నావు. ఇంతమంది విన్నారు. నీకంటే నిజాయితీపరుడు ఈ ఊళ్లో ఎవడున్నాడు చెప్పు? ఇవాళ నా గడియారం ముందు చదివించు. నీది చివర. ఒమేర్ ఎప్పుడూ చేసినట్టే ఫోను కలపనీ. నీ కాగితం శుభ్రంగా వస్తే నేనే గూడు తగలబెట్టుకుంటా."

"వరస..."

"భయమా?"

అంతదాకా ఆమెని చూసి నవ్విన మగాళ్లే ఇప్పుడు అషీల్‌ని చూస్తున్నారు. నవ్వడానికి వాళ్లకి మనిషితో పని లేదు, ఎవరైనా సరే. ఆ రోజు అషీల్ ముసలి మగపావురం అదిరిపోయే వేళకి వచ్చిందని అందరికీ తెలుసు. అతనికి కాదనే దారి లేదు. తన నోటితో అన్న మాట తన కాళ్లకే చుట్టుకుంది.

"కానివ్వు," అన్నాడు. "యంత్రం దగ్గర నాకేం భయం?"

వెనకగది గుమ్మంలో జనం. జుల్మా గడియారం చదివారు. నిశ్శబ్దం. కాగితం వచ్చింది. అన్నీ వాటి వాటి వేళకి, వాటి వాటి నంబరుతో. తర్వాత వరసగా మిగతావి. కసాయి కుర్రాడిది అయ్యాక ఒమేర్ అధ్యక్షుడి గడియారానికి కేబుల్ తగిలించాడు. తర్వాత అలవాటు ప్రకారం మోడెం నొక్కాడు. పెట్టె కీచుమంది. తెరమీద వరసలు పాకాయి. ప్రింటర్ గీకింది.

ఒమేర్ కాగితం చింపి చూశాడు. పైకి చదవలేదు. అషీల్ చేతికిచ్చాడు. అషీల్ కూడా చదవలేదు. అతని భుజం మీంచి కాగితాన్ని తొంగి చూసిన మార్సెల్లా గట్టిగా చదివింది.

"రెండూ యాభై ఎనిమిది. తెల్లవారుజామున." తర్వాత తల వంచి చాలా మర్యాదగా అడిగింది. "ఇంతకీ అషీల్, నీది కూడా రైలెక్కే వచ్చిందా?"

అంత నవ్వు ఆ కఫేలో గాస్టన్ పెళ్లిలో కూడా వినలేదు.

"మళ్లీ చదువు!" అరిచాడు అషీల్. "పన్నెండూ యాభై ఎనిమిది అది! అందరూ చూశారు! మా ఇంటి దగ్గర నలుగురు చూశారు!"

"చెరిగిపోయిందయ్యా," అన్నాడు ఒమేర్ నీరసంగా. "చదవగానే చెరిపెయ్యాలని మీరే కదా పెట్టించారు."

"ఆ నలుగురూ సభ్యులేనా?" అని జుల్మా అడిగింది. అరవలేదు. ఆమె ఆ రోజు అరవకుండా అన్న మాట అదొక్కటే.

ఆ తర్వాత జరిగినదానికి నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నెల రోజులుగా కమిటీ బుర్రకి ఎక్కనిది పావుగంటలో ఎక్కింది. యంత్ర దోషం స్పష్టం, తక్షణం సరిచెయ్యాలి అని తీర్మానం. అషీల్ వేళని చేత్తో రాసి యూనియన్‌కి పంపాలని రెండో తీర్మానం. జుల్మా పోగొట్టుకున్న పందేల మాటేమిటని నేను లేచి అడిగితే, గడిచిపోయినవి తవ్వితే సంఘ సామరస్యం చెడుతుందన్నారు. సామరస్యమట! ఒకరి మెడ మీద కాలేసి నిలబడ్డవాడికి అంతా సమతలంగానే కనిపిస్తుంది.

రోలాండ్ మాస్టారు సౌండ్ కార్డు తియ్యాలా అని అడిగాడు. అందరూ అషీల్ వైపు చూశారు, ఏడుస్తాడేమోనని.

"తీసెయ్యండి," అన్నాడు అషీల్ చిరాగ్గా. "నాన్న ఉపన్యాసం క్యాసెట్టు ఇంట్లో ఉంది. టేప్ రికార్డర్ పెట్టుకుంటే సరి."

క్యాసెట్టు ఇంట్లోనే ఉంది! మొదట్నుంచీ ఉంది! ఆ గొంతు పోతుందని కాదు, జుల్మా చెప్పినదానికి తను జరగాల్సి వస్తుందని అతని బాధ. సంప్రదాయం, తండ్రి, కన్నీళ్లు అన్నీ ఆ ఒక్క అంగుళం జరగకుండా ఉండడానికి పెట్టుకున్న దిళ్లు. మాస్టారు కార్డు లాగి బల్ల మీద పడేశాడు. ఎవరూ గ్లాసు కింద పెట్టలేదు, ఎవరూ కళ్లు తుడుచుకోలేదు.

జుల్మా మీద అభియోగాలు ఎత్తేస్తున్నామని ఎవరూ అనలేదు. ఉన్నాయనీ అనలేదు. సభ అలా కరిగిపోయింది. ఇది మా పద్ధతి. తప్పు ఒప్పుకోవడం కన్నా మర్చిపోవడం మాకు తేలిక. పక్కవాణ్ని కూడా మనతోపాటు మర్చిపొమ్మంటాం. వాడు మర్చిపోకపోతే వాడికి కోపమెక్కువ అంటాం.

సోమవారం సాయంత్రం బార్సిలోనా పావురాల్ని ఎక్కించుకోవడానికి లారీ వచ్చి కఫే ముందు ఆగింది. లోపల బల్ల వెనక అషీల్, చేతిలో రెక్కలకి వేసే ముద్ర. అది పడితేనే పావురం పందెంలో ఉన్నట్టు. బల్ల ముందు ఎప్పటి వరసే. పాతకాపులు ముందు, కసాయి కుర్రాడు దాదాపు చివర. అభియోగం ఉన్నట్టా లేనట్టా ఎవరికీ తెలీదు. జుల్మాని అషీల్ వెనక్కి పంపితే ఆపేవాళ్లు లేరు, తీసుకుంటే అడిగేవాళ్లూ లేరు.

జుల్మా వచ్చింది. చేతుల్లో నీలి ఆడది. బుట్టలో కూడా పెట్టలేదు. వేళ్ల మధ్య కాళ్లు పట్టుకుని, అరచేతిలో పొట్ట ఆన్చుకుని తెచ్చింది. వరస పక్కనుంచి నేరుగా బల్ల దగ్గరికి నడిచింది. కసాయి కుర్రాడు ఏదో అనబోయాడు. ఆమె అతని వైపు చూసింది. అతను తన చెప్పులు చూసుకున్నాడు. అలా ఒక్కొక్కరూ కొంచెం కొంచెం పక్కకి జరిగారు. ఎవరూ దారి ఇచ్చినట్టు లేదు, అయినా దారి ఏర్పడింది.

అషీల్ లేచి నిలబడ్డాడు. మొహమంతా క్షమాగుణం పులుముకున్నాడు. అడిగే క్షమ కాదు, ఇచ్చే క్షమ. అందరూ చూసేట్టు కుడిచెయ్యి చాపాడు.

"జుల్మా, మనలో మనకేంటి? అయిందేదో అయిపోయింది. మనసులో ఏం పెట్టుకోకు. చెయ్యి కలుపు."

జుల్మా ఆ చేతిని చూసింది.

"నా చేతుల్లో పావురముంది, కనబడట్లేదా? ముందు దీని రెక్కకి ముద్ర వెయ్యి."

అతని చెయ్యి గాల్లో కాసేపు ఉంది. తర్వాత కిందికి దిగి, సిరా దిండు వెతుక్కుంది. జుల్మా రెక్క విప్పి పట్టుకుంది. అషీల్ ముద్ర వేశాడు.